కొత్త ట్రాలీ ఆగేది తక్కువ, లేచేది ఆలస్యం

సంపాదకులు గారికి,

నమస్కారం. పొగ కాలుష్యానికి కొత్త హద్దులు పెట్టిన బీఎస్-6 (భారత్ స్టేజ్-6) బండ్లు వచ్చి ఐదేళ్లు దాటినా, పాత బొలెరో పికప్, టాటా 207 డీఐ వంటి ట్రాలీల కోసం వెతికేవాళ్లు వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, భూపాలపల్లి వైపు చాలామందే ఉన్నారు. ‘కొత్తవన్నీ సెన్సార్ల బండ్లు, నమ్మేటట్టు లేవు, పాతదైతే రేకులు ఊడినా ఇంజిన్ నడుస్తది’ అనే మాట అడ్డాల మీద పాతుకుపోయింది. ఆ మాట నమ్మి పదిహేనేళ్ల బండికి లక్షలు పోసేవాళ్లున్నారు. కొత్తది కొన్నవాళ్లలో కొందరేమో డ్యాష్‌బోర్డు మీద ఏ దీపం ఎందుకు వెలిగిందో తెలియక, ఒకవైపు ఫైనాన్స్ కిస్తీలు కడుతూ ఇంకోవైపు బండిని షెడ్డులో నిలబెట్టుకుంటున్నారు. ఈ రెండు నష్టాలూ తప్పించుకోదగ్గవే. డీజిల్ బండ్ల పని చేసేవాళ్లుగా మాకు తెలిసినది మీ పాఠకుల ముందు పెడుతున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఇంజిన్, గేర్‌బాక్స్, హౌసింగ్ (వెనుక ఇరుసు పెట్టె), బ్రేకులు చూస్తే కొత్త ట్రాలీ పాతదానికంటే మెరుగు. అది దారిలో ఆగేది తక్కువ. కానీ ఒకసారి ఆగితే మాత్రం త్వరగా లేవదు. ఆగడానికి ఎక్కువసార్లు కారణం మన వాడకమే. లేవడం ఆలస్యమవడానికి కారణం వేరు. రిపేరుకు కావలసిన సమాచారం, పరికరాలు కంపెనీ షోరూములు దాటి బయటికి రాకపోవడం.

పాత బండి గట్టిదన్న మాటలో ఒక పొరపాటు ఉంది. ఈరోజు రోడ్డు మీద కనిపించే 2008, 2010 నాటి ట్రాలీలు నిలబడ్డవి మాత్రమే. నిలబడనివి ఎప్పుడో తుక్కు కింద పోయాయి, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నిలబడ్డ బండ్లలో కూడా చాలావాటికి ఇంజిన్ ఒకసారైనా సిలిండర్లు అరిగి బోరుకొచ్చి, అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు పడి, క్రాంకు గ్రైండింగు అయి ఉంటుంది. హెడ్ గ్యాస్‌కెట్ పోవడం, హౌసింగ్ ఆయిల్ సీలు కారి బ్రేకు లైనర్లు తడవడం, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు విరగడం, సెల్ఫ్, డైనమో మాటిమాటికీ మొరాయించడం ఆ రోజుల్లో మామూలు. అయితే ఆ బండ్లకు ఒక నిజమైన గొప్పదనం ఉంది. రాబోయే జబ్బును అవి పొగతోనో, చప్పుడుతోనో, వేడితోనో ముందే చెప్పేవి. పంపు మొత్తం మెకానికల్. కరెంటుతో పనిచేసేది స్టాప్ సొలినాయిడ్ ఒక్కటే. బ్యాటరీ పడుకున్నా నలుగురు నెడితే స్టార్టయ్యేది. పరకాలలోనో నర్సంపేటలోనో స్పానర్ల పెట్టెతో కూర్చున్న మిస్త్రీ సాయంత్రానికి పంపించేసేవాడు. జనం నమ్మకం పెట్టుకున్నది ఈ సులువు మీదే. బండి గట్టిదనం వేరు, రిపేరు సులువు వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడంతోనే లెక్క తప్పుతోంది.

ఏం మారిందో చూద్దాం. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్ల అమ్మకం సుప్రీంకోర్టు తీర్పుతో ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6, 2023 ఏప్రిల్‌లో దాని రెండో దశ వచ్చాయి. బీఎస్-3 డీజిల్‌లో పది లక్షల పాళ్లకు 350 పాళ్ల దాకా గంధకం ఉండేది. బీఎస్-4లో అది 50కి, బీఎస్-6లో 10కి దిగింది. పాత నాజిల్ 200, 250 బార్ల ఒత్తిడికి తెరుచుకునేది. ఇప్పటి కామన్ రైల్లో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో, ఒత్తిడి 1,600 బార్లు, ఆపైన కూడా ఉంటుంది. ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సైలెన్సర్ దారిలో పొగలోని విషవాయువులను తగ్గించే ఆక్సిడేషన్ క్యాటలిస్టు, మసిని పట్టే డీపీఎఫ్ చేరాయి. కొన్ని మోడళ్లలో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి యూరియా ద్రావణం చిమ్మే ఎస్‌సీఆర్ కూడా ఉంటుంది. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వీటి చుట్టూనే తిరుగుతాయి.

ముందు డీపీఎఫ్ సంగతి. ఇది తేనెపట్టులాంటి సన్నని గదులున్న పింగాణీ వడపోత. పొగలోని మసి ఇందులో పేరుకుంటుంది. దాన్ని కాల్చి బూడిద చేయాలంటే లోపల 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. పత్తి, వడ్లు ఎత్తుకుని వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే బండిలో ఈ పని దారిలోనే జరిగిపోతుంది, డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. నీళ్ల క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు, కూరగాయలు వేసుకుని హన్మకొండ గల్లీల్లో రెండు కిలోమీటర్లు నడిచి ఆగే బండికి ఆ వేడి ఎప్పటికీ రాదు. ఎనుమాముల మార్కెట్ లైన్లో ఇంజిన్ ఆపకుండా గంటలు నిలబడే బండిదీ అదే పరిస్థితి. ఐడ్లింగులో సైలెన్సర్ వేడి 200 డిగ్రీలు కూడా దాటదు. మసి నిండుతూ పోతుంది.

నిండినప్పుడు ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, తనంతట తాను అదనపు డీజిల్ చిమ్మి వేడి పెంచుతుంది. ఆ సమయంలో ఐడ్లింగు కొద్దిగా పెరుగుతుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కాలిన వాసన వస్తుంది. ఇది పది పదిహేను నిమిషాల పని. సరిగ్గా అప్పుడే డ్రైవరు తాళంచెవి తిప్పి ఆపేస్తే పని సగంలో ఆగుతుంది. ఇలా మళ్లీ మళ్లీ జరిగితే, కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే కొత్త బండికి డిప్‌స్టిక్ చూసేటప్పుడు ఆయిల్ తగ్గిందా అని మాత్రమే చూస్తే సరిపోదు, పెరిగిందా అని కూడా చూడాలి. గరిష్ఠ గీత దాటి పైకి వచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన వస్తే, కిలోమీటర్లు లెక్కపెట్టకుండా వెంటనే ఆయిల్ మార్చాలి. పలచబడిన ఆయిల్‌తో నడిపితే ముందు టర్బో, తర్వాత బేరింగులు పోతాయి. అప్పుడు కొత్త ఇంజిన్లు లక్ష కిలోమీటర్లు కూడా రావడం లేదన్న మాట పుడుతుంది.

డీపీఎఫ్ దీపం వెలిగి నిలకడగా ఉంటే భయపడాల్సిన పని లేదు. మడికొండ దాటి హైదరాబాద్ రోడ్డు మీదో, హసన్‌పర్తి దాటి కరీంనగర్ రోడ్డు మీదో 50, 60 కిలోమీటర్ల వేగంతో, ఒక గేరు తగ్గించి ఇంజిన్ 2,000 నుంచి 2,500 చుట్ల మధ్య ఉండేలా 20 నిమిషాలు ఆపకుండా నడపాలి. చాలాసార్లు దీపం అదే ఆరిపోతుంది. ఊళ్లోనే తిరిగే బండిని వారానికి ఒకసారైనా ఇలా తిప్పడం అలవాటు చేసుకోవాలి. దీపం మిణుకు మిణుకుమంటూ, ఇంజిన్ లాగడం తగ్గితే ఇక రోడ్డు మీద తిప్పి లాభం లేదు, బండి కంప్యూటర్‌కు తగిలించి లోపాలు చదివే స్కానర్ పెట్టి మసి కాల్పించాలి. ఈ పని ఎప్పుడూ ఆరుబయట, సిమెంటు నేల మీదే చేయాలి. సైలెన్సర్ కొసన వచ్చే గాలి ఎండుగడ్డిని, పత్తిని అంటించేంత వేడిగా ఉంటుంది. జిన్నింగు మిల్లు ఆవరణలో, గడ్డివాము పక్కన, వరికొయ్యలున్న పొలంలో చేయనే కూడదు.

స్కానర్ పెట్టకముందే చూడవలసిన చిన్న విషయం ఒకటుంది. డీపీఎఫ్ ముందు, వెనుక ఒత్తిడి తేడా కొలిచే సెన్సారుకు రెండు రబ్బరు గొట్టాలు వస్తాయి. అవి పగిలినా, ఊడినా, నీళ్లు నిలిచినా తప్పు లెక్క పోతుంది. వంద రూపాయల గొట్టం మార్చాల్సిన చోట పదుల వేల రూపాయల డీపీఎఫ్ మార్పించుకున్నవాళ్లుంటారు. స్కానర్‌లో లోపం కోడ్ పీ2463 వచ్చిందంటే మసి ఎక్కువైందని అర్థం, అంతేగాని డబ్బా పాడైందని కాదు. అలాగే రైలు ఒత్తిడి తక్కువని చెప్పే పీ0087 వస్తే హైప్రెషర్ పంపు మీద చెయ్యి వేయకముందు డీజిల్ ఫిల్టర్, ట్యాంకు నుంచి వచ్చే పైపు, గాలి లీకు చూడాలి. పీ0401 అంటే కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ దారిలో పొగ సరిపడా పారడం లేదు, ఎక్కువగా మసి, నూనె జిడ్డు కలిసి పేరుకోవడం వల్ల. వాల్వు విప్పి శుభ్రం చేస్తే సరిపోయే సందర్భాలే ఎక్కువ. కోడ్ చూపేది జబ్బు ఉన్న దిక్కును మాత్రమే. మార్చవలసిన పార్టు పేరు అందులో ఉండదు.

డీపీఎఫ్ కోసి లోపల ఖాళీ చేసి, ఈసీయూ ప్రోగ్రాం మార్చి ఇచ్చేవాళ్లు ఇప్పుడు ఊరూరా తయారయ్యారు. దయచేసి ఆ పని చేయించకండి. అది చట్టవిరుద్ధం, వారంటీ పోతుంది. ఆ పొగ పీల్చేది మన బస్తీల పిల్లలే.

ఆయిల్ విషయంలో పొదుపు చూసుకుంటే ఖరీదైన నష్టమే మిగులుతుంది. పాత ఇంజిన్లకు వాడిన సీఎఫ్-4, సీఐ-4 రకాల ఆయిళ్లలో బూడిద మిగిల్చే రసాయనాలు ఎక్కువ. మసిని కాల్చవచ్చు, బూడిదను కాల్చలేం. అది డీపీఎఫ్ గదుల్లో శాశ్వతంగా కూర్చుంటుంది. బూడిద తక్కువ ఉండే సీకే-4 గానీ, మాన్యువల్‌లో రాసిన గ్రేడు గానీ మాత్రమే పోయాలి. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉన్నంత మాత్రాన సరిపోదు. అది చిక్కదనం సంఖ్య మాత్రమే.

యూరియా ద్రావణం, అంటే డీఈఎఫ్ వాడే బండ్లకు మన ప్రాంతంలో ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. ఆ ద్రావణంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీళ్లు. దీన్ని చూసి కొందరు ఎరువుల దుకాణంలో కొన్న యూరియాను బోరు నీళ్లలో కలిపి పోస్తున్నారు. 2015 నుంచి దేశంలో సాగుకు అమ్మే బస్తాల యూరియా దాదాపు అంతా వేపపూతదే. రామగుండంలో తయారైన బస్తా అయినా అంతే. ఆ వేపనూనె, గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు, బోరు నీళ్లలోని సున్నం కలిసి చిమ్మే నాజిల్‌ను మూసేసి, క్యాటలిస్టు పైన పొరలా అంటుకుంటాయి. ఆ దెబ్బకు ఎస్‌సీఆర్ డబ్బా మొత్తం మార్చాల్సి వస్తుంది. పైగా రైతుకు రావలసిన సబ్సిడీ యూరియాను ఇలా మళ్లించడం నేరం. మంచి డీఈఎఫ్ అయినా వేడికి చెడుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడాది నిల్వ ఉండేది 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలే ఉంటుంది. గోదావరిఖని, మంచిర్యాల ఎండలకు రేకుల షెడ్డులో నిరుడు కొన్న డబ్బా ఈ ఏడు వాడకండి. కొనేటప్పుడు డబ్బా మీద తయారీ తేదీ, ఐఎస్ఓ 22241 ముద్ర చూడండి. ట్యాంకు మూత చుట్టూ తెల్లటి స్ఫటికాలు కడితే గోరువెచ్చని శుభ్రమైన నీళ్లతో కడిగితే పోతాయి, గీకకూడదు.

డీజిల్‌లో నీళ్లు కలవడం ఈ బండ్లకు అన్నిటికంటే పెద్ద శత్రువు. డ్రమ్ముల్లో, క్యాన్లలో నిల్వ చేసిన డీజిల్ ట్రాక్టరుకు సరిపోయినట్టు దీనికి సరిపోదు. మైక్రాన్ల ఖాళీలో నీటి చుక్క దూరితే ఇంజెక్టర్ తుప్పుపట్టి పట్టేస్తుంది. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది. వానాకాలంలో వారానికోసారి ఒక గాజు సీసాలోకి వదిలి చూడాలి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలాలి. ఫిల్టర్ కంపెనీదే వేయాలి. సందేహముంటే నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు తగిలించి ఇంజిన్ నడిపితే, ఏ సీసా ముందు నిండుతుందో ఆ ఇంజెక్టర్‌ది లీకు. కొత్త ఇంజెక్టర్ వేసినప్పుడు దాని మీది కోడ్‌ను స్కానర్‌తో ఈసీయూలో నమోదు చేయాలి. ఇది మరిచిపోతే ఇంజిన్ కొట్టుకుంటుంది, పొగ వస్తుంది, కొత్త పార్టు బాగోలేదని నింద పడుతుంది.

మా తోటి మిస్త్రీలకు ఒక హెచ్చరిక. ఏ సిలిండర్ పనిచేయడం లేదో తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజిన్‌లో నాజిల్ పైపు నట్టు వదులు చేసి చూడడం పాత అలవాటు. కామన్ రైల్లో ఆ పని ఎన్నడూ చేయకండి. 1,600 బార్ల డీజిల్ ధార సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా లోపల కండ చచ్చుబడి వేలు, చెయ్యి తీసేయాల్సి వస్తుంది. తగిలితే కట్టు కట్టి ఊరుకోకుండా వెంటనే ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి పోవాలి, లోపలికి డీజిల్ పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

కరెంటు జబ్బులు సగం మనం తెచ్చిపెట్టుకున్నవే. బాడీకి నిచ్చెన, గ్రిల్లు, తాడు కొక్కేలు వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, ఈసీయూ కనెక్టర్ విప్పి, వెల్డింగు ఎర్తు పనిచేసే చోటికి పక్కనే పెట్టాలి. సర్వీసింగులో నీళ్ల గన్ను ఇంజిన్ కనెక్టర్ల మీదికి కొట్టకూడదు. బండి స్టార్టు కాకపోతే ముందు బ్యాటరీ చూడండి: నిలబడి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10కి తగ్గకుండా, ఇంజిన్ నడిచేటప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. తర్వాత ఛాసిస్‌కు, ఇంజిన్‌కు మధ్య ఎర్తు పట్టీ తుప్పు చూడాలి. అరిగిన బ్యాటరీ ఒక్కటే నాలుగైదు సెన్సార్ల కోడ్‌లు ఒకేసారి తెప్పించగలదు. వరద నీళ్లలో మునిగిన బండికి అసలు సెల్ఫ్ కొట్టకూడదు. 2023 జులై వరదలు చూసిన జిల్లాలకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. బ్యాటరీ వైరు తీసి, లాగించుకుపోయి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందో లేదో చూశాకే ఏదైనా.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం కూడా మానాలి. పాత ఇత్తడి రేడియేటర్ విప్పి కడ్డీలు దూర్చి శుభ్రం చేసేవాళ్లు. ఇప్పటివి అల్యూమినియం, ప్లాస్టిక్. సున్నం ముందు ఈజీఆర్ కూలర్ సన్నని గొట్టాల్లో పేరుకుంటుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోస్తే ఈ బెడద ఉండదు.

ఇక లోడు. 1.7 టన్నుల ట్రాలీలో 40 కిలోల వడ్ల బస్తాలు 42 వేస్తేనే 1,680 కిలోలు అయిపోతుంది. కొనుగోలు కేంద్రాల దగ్గర 70 బస్తాలతో బయల్దేరే బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. అంటే 2,800 కిలోలు. ఆ బరువుకు కమాన్ పట్టీలు (స్ప్రింగు పట్టీలు) విరగడం, వెనుక హ్యాంగర్ దగ్గర ఛాసిస్ పగలడం పాత, కొత్త తేడా లేకుండా జరుగుతాయి. ఇప్పుడు 2 టన్నుల మోడళ్లూ దొరుకుతున్నాయి, అవసరం ఉన్నవాళ్లు మొదటే అవి తీసుకోవాలి.

కాబట్టి కొనేవాళ్లు ముందు తమ కిరాయిల దూరం చూసుకోవాలి. రోజూ 40, 50 కిలోమీటర్లు ఏకబిగిన నడిచే పని ఉంటే కొత్త డీజిల్ ట్రాలీ నిశ్చింతగా తీసుకోవచ్చు. ఊళ్లోనే తిరిగే పనికి చిన్న బండ్లలో పెట్రోలు, సీఎన్‌జీ, కరెంటు రకాలు మేలు, వాటికి డీజిల్ డీపీఎఫ్ బాధ లేదు. డీఈఎఫ్ ట్యాంకు ఉందా లేదా, దగ్గర్లో స్కానర్ ఉన్న వర్క్‌షాపు ఎక్కడుంది అని సంతకం పెట్టకముందే అడగాలి. పాతదే కొనాలనుకుంటే ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ మూత తీసి చూడండి. గాలి బుసకొడుతూ ఆయిల్ తుంపర్లు వస్తే బోరుకు వచ్చినట్టే. చల్లారిన ఇంజిన్‌కు రేడియేటర్ మూత తీసి స్టార్టు చేస్తే బుడగలు రాకూడదు. ఛాసిస్ కింద కొత్త రంగు వేసి ఉంటే దాని కింద వెల్డింగు ఉందేమో గోకి చూడండి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలన్నదీ ధరలో లెక్క వేసుకోవాలి.

కంపెనీల వైపు నుంచి జరగాల్సిందీ ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, విడిభాగాలు, జబ్బు కనిపెట్టే పరికరాలు బయటి గ్యారేజీలకూ అందాలని చెప్పింది. కంపెనీలు దాన్ని పై కోర్టుల్లో సవాలు చేశాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మొదలుపెట్టిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో వాహనాల రంగం కూడా ఉంది. అయినా ఏటూరునాగారంలో మొరాయించిన బండికి ఇంజెక్టర్ కోడ్ ఎక్కించాలన్నా, మసి కాల్పించాలన్నా వరంగల్ దాకా లాగించుకు రావాల్సిందే. ట్రాలీల వైరింగు పటాలు, స్కానర్ సాఫ్ట్‌వేరు న్యాయమైన ధరకు, తెలుగు సూచనలతో బయటి మిస్త్రీలకు అమ్మాలి. బండి తాళాలు ఇచ్చే రోజున డీపీఎఫ్ దీపాల అర్థం చెప్పే ఒక పేజీ తెలుగు కాగితం డ్రైవరు చేతికివ్వాలి, ఓనరు చేతికి కాదు. రాష్ట్ర ప్రభుత్వం అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్న ఐటీఐలలో రోబోల పక్కన ఒక బీఎస్-6 డీజిల్ ఇంజిన్‌ను, ఒక స్కానర్‌ను కూడా పెట్టి, పనిలో ఉన్న మిస్త్రీలకు సాయంత్రం బ్యాచులు నడపాలని కోరుతున్నాం. మేడారం జాతరకు, వడ్ల కొనుగోళ్లకు ముందు ములుగు, భూపాలపల్లిలో కంపెనీలు స్కానర్లతో సర్వీసు క్యాంపులు పెడితే, సీజన్ నడిమధ్య ఆగే బండ్లు చాలావరకు తగ్గుతాయి.

భవదీయులు,
డీజిల్ వాహనాల మెకానిక్‌లు కొందరు,
వరంగల్